తిరుపతిలో ఒక చీటీ, చిత్తూరులో ఒక చీటీ

ప్రశ్న: సార్, మాది చిత్తూరు. తిరుపతిలో హాస్టల్లో ఉండి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల సెమినార్‌కి నాకు క్వాంటం ఎంటాంగిల్‌మెంట్, అంటే దూరంగా ఉన్న రెండు కణాల కొలతలు పొందికగా రావడం, ఇచ్చారు. ఏ వీడియో చూసినా ఒకటే మాట. జత చెప్పుల్లో ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పెడితే, ఇక్కడ ఎడమది కనబడగానే అక్కడ కుడిది ఉన్నట్టు తెలుస్తుందట. ఇందులో వింత ఏముందని మా లెక్చరర్‌ను అడిగితే, "నోబెల్ ఇచ్చారు కదా, అదే రాసుకో" అన్నారు. ఇంకో విషయం. మా అవ్వకు మోకాళ్ళ నొప్పులు. ఫోటో పంపితే చాలు, ఎంటాంగిల్‌మెంట్ ద్వారా దూరం నుంచే నయం చేస్తామని ఎవరో 12 వేలు అడుగుతున్నారు. ఫిజిక్స్ చదువుతున్నావు కదా, ఇది నిజమేనా అని మా మామ నన్నే అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. అసలు దీనివల్ల మనకు ఉపయోగం ఏమిటి? దీన్ని నమ్ముకుని చదివితే ఉద్యోగాలుంటాయా?
– పేరు వేయవద్దన్న పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, ముందు ఒక పని చెయ్యి. మీ మామకు ఫోన్ చేసి ఆ 12 వేలు కట్టొద్దని చెప్పు. ఎందుకు కట్టకూడదో ఈ జవాబు సగం చదివేసరికి నీకే తెలుస్తుంది. అప్పుడు నీ మాటల్లో నువ్వే ఆయనకు వివరంగా చెప్పవచ్చు.

ఇక సెమినార్ సంగతి. చెప్పుల జతలో వింత ఏమీ లేదు. నీ అనుమానం నూటికి నూరు పాళ్ళు సరైనది. అలిపిరి దగ్గర చెప్పులు విడిచి కొండెక్కి వచ్చావు. ఈలోగా మీ తమ్ముడు ఒక చెప్పు తీసి, ఏదో నీకు చెప్పకుండా, నీ సంచిలో వేశాడనుకో. చిత్తూరు చేరి సంచి తెరిస్తే ఎడమ చెప్పు కనబడింది. తిరుపతిలో మిగిలింది కుడిదని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. కానీ ఆ క్షణంలో చెప్పుకు జరిగిందేమీ లేదు. బస్సెక్కినప్పుడే అది ఎడమది. నీకు తెలియదు, అంతే.

1935లో ఐన్‌స్టీన్, పొడాల్‌స్కీ, రోజెన్ కలిసి రాసిన పేపరులో ఉన్న వాదన కూడా దాదాపు ఇదే. దూరంగా ఉన్న రెండు కణాలను కొలిస్తే ఫలితాలు ప్రతిసారీ పొందికగా వస్తున్నాయి. అంటే ఆ ఫలితాలు ముందే కణాల్లో ఎక్కడో రాసి ఉండాలి. క్వాంటం సిద్ధాంతం ఆ రాత గురించి చెప్పడం లేదు కాబట్టి ఆ సిద్ధాంతం అసంపూర్ణం అన్నారు. కాబట్టి నీ ప్రశ్న ఐన్‌స్టీన్ పక్కన నిలబడే ప్రశ్న. సెమినార్‌లో అది అడగడానికి మొహమాటపడొద్దు. నీ సెమినార్‌ను దానితోనే మొదలుపెట్టు.

నేనూ క్లాసులో చాలా ఏళ్ళు చెప్పుల ఉదాహరణే చెప్పాను. ఒక ఏడాది వెనక బెంచీ అబ్బాయి లేచి, "లోపల ఉన్నదే బయటికొచ్చింది కదా సార్, కొత్తగా ఏం జరిగింది?" అన్నాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. పాఠం ముగించి ఇంటికి వచ్చేశాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ జవాబు భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ 1964లోనే రాసిపెట్టాడని తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పటికి ఆ అబ్బాయి కోర్సు ముగించి వెళ్ళిపోయాడు. నీకు మాత్రం ఆ జవాబు పూర్తిగా చెప్పాలనుంది.

దాన్ని ఒక ఆటగా చెప్తాను. హాస్టల్లో రెండు గదులు, ఇద్దరు స్నేహితురాళ్ళు, రెండు రూపాయి బిళ్ళలు, కాసిని చీటీలు ఉంటే చాలు. వినడానికి బాగుంటుందని ఒకరు తిరుపతి బస్టాండులో, ఒకరు చిత్తూరు బస్టాండులో ఉన్నారనుకుందాం. తిరుపతిలో నువ్వు, చిత్తూరులో మీ చెల్లెలు. ఇద్దరి దగ్గరా ఎవరో ఒకరు రూపాయి ఎగరేస్తారు. నీకు పడింది బొమ్మా బొరుసా అన్నది నీకు మాత్రమే తెలుస్తుంది. చెల్లికి పడింది చెల్లికి మాత్రమే తెలుస్తుంది. ఫోన్లు తీసేసుకుంటారు. ఎవరికి వారు చీటీ మీద "అవును" అనో "కాదు" అనో రాయాలి. తర్వాత చీటీలు రెండూ ఒకచోట చేర్చి గెలుపోటములు చూస్తారు.

గెలవాలంటే నియమం ఇది. ఇద్దరికీ బొమ్మే పడితే మీ జవాబులు వేరువేరుగా ఉండాలి. మిగతా ఏ రకంగా పడినా, అంటే బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు పడితే, జవాబులు ఒకటిగా ఉండాలి. ఆట మొదలుకాక ముందు ఇద్దరూ కూర్చుని ఎంతసేపైనా మంతనాలాడుకోవచ్చు. విడిపోయాక మాత్రం మాట లేదు, సైగ లేదు.

ఇప్పుడు ఆగి, చదవడం పక్కన పెట్టి, ఒక పథకం వెయ్యి. నిజంగానే కాగితం తీసుకో.

నీకు మొదట తట్టేది ఇది: ఏం పడినా ఇద్దరం "అవును" అనే రాద్దాం. బొమ్మ-బొమ్మ పడ్డప్పుడు ఓడిపోతాం, మిగతా మూడింట్లో గెలుస్తాం. నాలుగింట మూడు, అంటే నూటికి 75. బాగుంది. ఇంతకన్నా మంచి పథకం ఉందా? ఉందేమో చూద్దాం. పథకం ఏదైనా చివరికి నాలుగు జవాబులే: నీకు బొమ్మ పడితే రాసేది, నీకు బొరుసు పడితే రాసేది, చెల్లికి బొమ్మ పడితే రాసేది, బొరుసు పడితే రాసేది. నాలుగు సందర్భాల్లోనూ గెలవాలంటే ఎలా ఉండాలో చూడు. బొరుసు-బొరుసులో గెలవాలంటే నీ బొరుసు జవాబూ చెల్లి బొరుసు జవాబూ ఒకటే కావాలి. నీకు బొరుసు, చెల్లికి బొమ్మ పడినప్పుడు గెలవాలంటే నీ బొరుసు జవాబు, చెల్లి బొమ్మ జవాబు ఒకటే కావాలి. నీకు బొమ్మ, చెల్లికి బొరుసు పడినప్పుడు గెలవాలంటే నీ బొమ్మ జవాబు, చెల్లి బొరుసు జవాబు ఒకటే కావాలి. ఈ మూడూ కలిపితే నాలుగు జవాబులూ ఒకటే అయి కూర్చుంటాయి. కానీ బొమ్మ-బొమ్మ పడితే అవి వేరుగా ఉండాలి. కుదరదు. మూడు కుదిరిస్తే నాలుగోది జారిపోతుంది. ఆటాటకూ పథకం మార్చినా, మధ్యలో ఇంకో రూపాయి ఎగరేసి నిర్ణయించుకున్నా, సగటున నూటికి 75 దాటదు.

దీన్ని మా ఇంట్లో మనవరాలితో ఆడాను. "ఎప్పుడూ అవునే" పథకంతో 40 సార్లు ఆడితే 31 సార్లు గెలిచాం. 30 రావాలి కదా, ఒకటి ఎక్కువెలా వచ్చిందని ఆ పిల్ల అడిగింది. బొమ్మ-బొమ్మ 10 సార్లకు బదులు 9 సార్లే పడింది, అంతే. తక్కువ సార్లు ఆడితే అదృష్టం కలుస్తుంది. నీ క్లాసులో ఆడించేటప్పుడు ఈ మాట ముందే చెప్పు. లేకపోతే 32 వచ్చిన జట్టు సిద్ధాంతాన్ని ఓడించామని సంబరపడుతుంది.

మళ్ళీ చెప్పుల దగ్గరికి వద్దాం. చెప్పులతో ఆడినా, ముందే రాసిపెట్టుకున్న చీటీలతో ఆడినా, కణాల్లో దాగి ఉన్న ఏ రాతతో ఆడినా 75 దాటడానికి లేదు. ఎందుకంటే "ముందే రాసి ఉంది" అంటే ఆ నాలుగు జవాబులూ ముందే ఉన్నాయని అర్థం. అవి నాలుగూ ఒకేసారి కుదరవని ఇప్పుడే చూశాం. బెల్ పట్టుకున్నది ఈ కీలకాన్నే. ఉత్తర ఐర్లాండ్ మనిషి. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రంలో యాక్సిలరేటర్ల, అంటే కణాలను వేగంగా పరుగెత్తించే యంత్రాల, పని చేసేవాడు. ఒక ఏడాది సెలవు మీద అమెరికా వెళ్ళినప్పుడు ఈ పేపరు రాశాడు. అది అచ్చయిన పత్రిక నాలుగేళ్ళకే మూతపడింది. అతని వాదనను 1969లో క్లౌజర్, హోర్న్, షిమొనీ, హోల్ట్ అనే నలుగురు ప్రయోగానికి అనువైన రూపంలోకి తెచ్చారు. పైన చెప్పిన చీటీల ఆటకు మూలం అదే.

ఇప్పుడు నీకూ మీ చెల్లికీ చెరో ఫోటాన్, అంటే కాంతి కణం, ఇద్దాం. రెండూ ఎంటాంగిల్ అయిన జత. ప్రయోగశాలలో వీటిని పుట్టించడానికి ఊదారంగు లేజరు కాంతిని ఒక ప్రత్యేకమైన స్ఫటికంలోకి పంపుతారు. దాదాపు కాంతంతా సూటిగా బయటికి వెళ్ళిపోతుంది. ఎప్పుడో ఒక ఫోటాన్ మాత్రం లోపల రెండుగా చీలి, సగం శక్తి దానికి, సగం దీనికి పంచుకుని జంటగా బయటికొస్తుంది. వాటి పోలరైజేషన్‌తో మనకు పని. పోలరైజేషన్ అంటే కాంతి అల ఊగే దిక్కు, నీకు తెలుసు. కిటికీ ఊచల మధ్య నుంచి తాడు పోనిచ్చి ఊపితే, ఊచల దిక్కున ఊపినప్పుడు అల అవతలికి పోతుంది, అడ్డంగా ఊపితే ఆగిపోతుంది. చేతిలో చూడాలనుకుంటే పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు ల్యాప్‌టాప్ తెర ముందు పట్టుకుని మెల్లగా తిప్పు. ఒకచోట తెర నల్లబడిపోతుంది.

ఆటలో నువ్వు చేయాల్సింది ఇది. బొరుసు పడితే నీ పోలరైజర్ (ఒక దిక్కున ఊగే కాంతినే పోనిచ్చే పలక) 0 డిగ్రీల్లో పెట్టు, బొమ్మ పడితే 45 డిగ్రీల్లో. చెల్లికి బొరుసు పడితే 22.5 డిగ్రీలు, బొమ్మ పడితే అటువైపు 22.5, అంటే మైనస్ 22.5. ఫోటాన్ దాటితే "అవును" అని రాయాలి, ఆగితే "కాదు" అని రాయాలి. ఇంతే. ఈ జతలో రెండు ఫోటాన్లూ ఒకే జవాబు ఇచ్చే అవకాశం రెండు పోలరైజర్ల మధ్య కోణం కొసైన్ వర్గం. ఆప్టిక్స్ పేపర్లో మాలస్ సూత్రం చదివావు కదా, అదే లెక్క ఇక్కడికీ వచ్చింది. కోణాల తేడా లెక్కపెట్టి చూడు. మూడు సందర్భాల్లో 22.5 వస్తుంది. బొమ్మ-బొమ్మలో మాత్రం 67.5. కొసైన్ 22.5 వర్గం 0.854. అంటే ఆ మూడింట్లో నూటికి 85 సార్లు జవాబులు ఒకటవుతాయి. 67.5కి కొసైన్ వర్గం 0.146. అంటే బొమ్మ-బొమ్మలో నూటికి 85 సార్లు జవాబులు వేరవుతాయి. నాలుగు సందర్భాల్లోనూ గెలుపు 85 శాతం!

75 దాటదని ఇందాక మనమే కాగితం మీద తేల్చాం. ఇక్కడ 85 వచ్చింది. వింత అంతా ఈ 10లో ఉంది తల్లీ. సెమినార్‌లో ఈ ఒక్క ముక్క అందరికీ అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు, మిగతాదంతా వదిలేసినా నష్టం లేదు. జవాబులు ముందే రాసిపెట్టి ఉండి, ఒకచోట జరిగేది దూరానున్న రెండోచోటికి తాకకుండా ఉండే ప్రపంచమైతే 85 రాదు. కాబట్టి మన ప్రపంచం అలాంటిది కాదు.

ప్రయోగాలు కూడా ఇదే చెప్పాయి. 1972లో బర్క్‌లీలో క్లౌజర్, ఫ్రీడ్‌మన్ కాల్షియం పరమాణువుల నుంచి వచ్చే ఫోటాన్ జతలతో కొలిచారు. క్వాంటం సిద్ధాంతం ఓడిపోతే బాగుండునని క్లౌజర్ ఆశపడ్డాడు. లెక్క మాత్రం సిద్ధాంతం వైపే తేలింది. 1982లో ఫ్రాన్స్‌లో ఆస్పే బృందం ఫోటాన్లు దారిలో ఉండగానే కోణాలు మార్చి చూసింది. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో రెండు చిన్న వజ్రాల్లోని ఎలక్ట్రాన్లను 1.3 కిలోమీటర్ల దూరంలో పెట్టి ఈ ఆట ఆడారు. ఆ దూరం దాటడానికి కాంతికి సెకనులో పది లక్షల వంతుల్లో నాలుగు వంతులకు పైగా పడుతుంది. అంతకన్నా త్వరగా రెండువైపులా కొలత ముగించారు. ఇక ఆలోగా ఒకవైపు నుంచి రెండోవైపుకు ఏదైనా రహస్య సంకేతం పోయిందేమో అనడానికి వీల్లేదు. 245 సార్లు ఆడితే గెలుపు 80 శాతం దగ్గర తేలింది. పరికరాల లోటుపాట్ల వల్ల 85 రాలేదు కానీ 75 దాటింది. క్లౌజర్, ఆస్పే, సైలింగర్ ముగ్గురికీ 2022లో నోబెల్ ఇచ్చింది ఈ పనికే. "నోబెల్ ఇచ్చారు" అని రాసుకోవడం కన్నా "ఎందుకిచ్చారు" అనేది రాయి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మీ మామ దగ్గర డబ్బు అడుగుతున్నవాళ్ళ వ్యాపారం నిలబడింది కూడా దీని మీదే. 85 వచ్చింది కాబట్టి ఇక్కడి నుంచి అక్కడికి ఏదో ప్రసారం అవుతోందనుకుంటారు. కాదు. నీ చీటీలు మాత్రమే వరసగా పేర్చి చూడు. అవును, కాదు, కాదు, అవును... సగం అవి, సగం ఇవి, రూపాయి ఎగరేసినట్టే ఉంటాయి. చెల్లి పోలరైజర్‌ను ఎటు తిప్పినా, అసలు ఆట మానేసి టీ తాగడానికి వెళ్ళినా నీ చీటీల్లో వెంట్రుకవాసి తేడా రాదు. పొందిక కనబడాలంటే చెల్లి చీటీలు బస్సులోనో ఫోన్లోనో నీ దగ్గరికి రావాలి. రోడ్డు మీద 70 కిలోమీటర్ల దూరం, కాంతి వేగంతో వచ్చినా సెకనులో నాలుగు వేలవ వంతు దాకా పడుతుంది. ఆ లోపు ఒక్క అక్షరం కూడా పంపడానికి లేదు. మాటే పంపలేనిది మందు ఎలా పంపుతుంది?

అవ్వ విషయంలో ఇంకో రెండు సంగతులున్నాయి. జత కావాలంటే రెండు కణాలూ కలిసి పుట్టాలి, లేదా ఒకదానితో ఒకటి నేరుగానో, మూడో దాని ద్వారానో కలవాలి. ఫోన్లో తీసిన ఫోటోకు అవ్వ మోకాలితో అలాంటి సంబంధం ఏమీ లేదు. ఇక జత కట్టించడం కన్నా దాన్ని కాపాడటం కష్టం. గాలిలోని ఒక అణువు తగిలినా, కాస్త వేడి తగిలినా ఆ పొందిక చుట్టుపక్కలకు చెదిరిపోతుంది. డెల్ఫ్ట్‌లో ఆ వజ్రాలను సున్నాకు దిగువన 269 డిగ్రీల దాకా చల్లబరిచి పెట్టుకున్నారు. అవ్వ ఒళ్ళు 37 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది. లోపల కోటానుకోట్ల అణువులు ప్రతి క్షణం ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉంటాయి.

మీ మామతో వాదనకు దిగకు. ఆయన అడిగింది అవ్వ మీద ప్రేమతో. "మామా, ఈ పేరు నిజమే, నేను చదివేది అదే. కానీ దానితో దూరానికి ఏదీ పంపలేమని లెక్కతో సహా రుజువైంది. ఆ డబ్బుతో అవ్వను మంచి డాక్టరుకు చూపిద్దాం" అను. తిరుపతిలో ఎముకలు, కీళ్ళ వైద్యానికే బర్డ్ ఆసుపత్రి ఉంది. ఆదివారం హాస్టల్ నుంచి ఊరికెళ్ళినప్పుడు అవ్వను వెంటబెట్టుకుని రా. ఎక్స్‌రే తీయించి, ఏ దశలో ఉందో తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆ హీలింగ్ వాళ్ళు ఫోన్లో ఆప్యాయంగా మాట్లాడితే అవ్వకు ఆ పూట హాయిగా అనిపించవచ్చు. ఆ మాటలు నువ్వు మాట్లాడు, నీ దగ్గర అవ్వకు ఇంకా హాయి.

పేరు గురించి ఒక చిన్న మాట. తెలుగులో కొందరు దీన్ని "చిక్కుముడి" అంటున్నారు. నాకు ఆ మాట నచ్చదు. చిక్కు అంటే విడదీయాల్సిన తలనొప్పిలా వినిపిస్తుంది. 1935లో ష్రోడింగర్ దీనికి జర్మన్‌లో పెట్టిన పేరు చేతులు ఒకదానిమీదొకటి వేసి కట్టుకోవడానికి కూడా వాడే మాట. మన "పెనవేసుకోవడం" దానికి దగ్గరగా ఉంటుంది. తెలుగులో మాట్లాడేటప్పుడు "పెనవేసుకున్న ఫోటాన్లు" అని చూడు, వినేవాళ్ళకు అర్థం చేరుతుంది.

ఉపయోగాల గురించి నిజం చెప్పాలి. ఈ రోజు మన ఇళ్ళల్లో ఎంటాంగిల్‌మెంట్ పేరుతో పనిచేసే వస్తువు ఒక్కటీ లేదు. ఉందని ఎవరైనా లాకెట్టో నీళ్ళ సీసానో అమ్మితే కొనొద్దు. అయితే ప్రకృతిలో ఇది అరుదు కాదు. హైడ్రోజన్ అణువులో బంధం కట్టే రెండు ఎలక్ట్రాన్లూ పెనవేసుకునే ఉంటాయి. మనం దాన్ని మన ఇష్టప్రకారం దూరాలకు తీసుకెళ్ళి పని చేయించుకోవడం మాత్రం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాం.

అందులో నాకు అన్నిటికన్నా అందంగా అనిపించేది తాళం పని. నువ్వూ చెల్లీ పోలరైజర్లను ఒకే కోణంలో పెట్టి కొలిస్తే ఇద్దరికీ ఒకే అవును-కాదుల వరస వస్తుంది. అది మీ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియని రహస్య తాళంచెవి. మధ్యలో ఎవరైనా దొంగచాటుగా ఆ ఫోటాన్లను కొలిచి వదిలారనుకో. ఆ క్షణమే వాటి జవాబులు ముందే రాసినట్టు అయిపోతాయి. అంటే అవి చెప్పులై పోయాయి! అప్పుడు మధ్యమధ్యలో మన చీటీల ఆట ఆడి చూస్తే గెలుపు 85 నుంచి 75కో ఇంకా కిందికో జారిపోతుంది. దొంగ పడినట్టు ఆటే చెప్పేస్తుంది. 1991లో ఆర్తూర్ ఎకెర్ట్ చెప్పిన పద్ధతి ఇదే. బెల్ తత్వవిచారంగా మొదలుపెట్టిన లెక్క 27 ఏళ్ళకు కాపలా కుక్క అయింది. చైనా 2016లో ప్రయోగించిన మిసియస్ ఉపగ్రహం మరుసటి ఏడాది 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కేంద్రాలకు పెనవేసుకున్న ఫోటాన్లను పంచింది. మన దేశంలో 2022 జనవరిలో అహ్మదాబాద్‌లో ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, ఫిజికల్ రిసర్చ్ లేబొరేటరీ కలిసి రెండు భవనాల మధ్య 300 మీటర్ల దూరానికి ఇలాంటి తాళంచెవి పంపాయి. 2025లో ఐఐటీ ఢిల్లీ, డీఆర్‌డీఓ అదే పనిని 1 కిలోమీటరు దాకా చేశాయి. సెకనుకు 240 బిట్ల వేగంతో తాళంచెవి తయారైంది. నీ ఫోన్లో వీడియో వేగంతో పోలిస్తే చాలా తక్కువ. కానీ తాళంచెవికి అంత పొడుగు అవసరం లేదు.

క్వాంటం కంప్యూటర్ల గురించి నువ్వు పేపర్లలో చూస్తూనే ఉంటావు. అమరావతిలో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీతో కలిసి క్వాంటం వ్యాలీ పెడుతున్నామని, అందులో 156 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటరులో సమాచారానికి మూల ప్రమాణం క్యూబిట్) యంత్రం ఉంటుందని 2025లో ప్రకటించారు. క్యూబిట్లు విడివిడిగా ఉంటే మామూలు కంప్యూటరు వాటిని సులభంగా అనుకరిస్తుంది. వాటిని పెనవేస్తేనే దానికి అందని శక్తి వస్తుంది. కొత్త మందుల అణువులు, బ్యాటరీ పదార్థాలు లెక్కగట్టడానికి పనికొస్తాయని ఆశ. ఆశ అనే అంటున్నాను, తప్పులు సరిదిద్దుకునే పెద్ద యంత్రాలు ఇంకా తయారు కావాలి.

ఉద్యోగాల సంగతి. కేంద్రం 2023 ఏప్రిల్‌లో నేషనల్ క్వాంటం మిషన్‌కు 6,003.65 కోట్లు మంజూరు చేసింది, 2030-31 దాకా. కంప్యూటింగ్‌కు బెంగళూరు ఐఐఎస్‌సీ, కమ్యూనికేషన్‌కు ఐఐటీ మద్రాస్, సెన్సర్లకు ఐఐటీ బాంబే, పదార్థాలకు ఐఐటీ ఢిల్లీ కేంద్రాలు. చెన్నై నీకు దగ్గరే. ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి. ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయి. అయితే "క్వాంటం" అనే బోర్డు చూసి చేరొద్దు. మూడు నెలల సర్టిఫికెట్ కోర్సులకు వేలకు వేలు కట్టొద్దు. మాట్రిక్స్‌లు, కాంప్లెక్స్ నంబర్లు, ప్రాబబిలిటీ గట్టిగా నేర్చుకో, పైథాన్ నేర్చుకో. వీటితో క్వాంటం రంగం అనుకున్నంత పెరగకపోయినా ఇంకో పది చోట్ల బతుకుతావు. ల్యాబ్‌లో ఆప్టిక్స్ ప్రయోగాలు రికార్డు కోసం కాకుండా చేతులారా చెయ్యి. ఈ రంగంలో లేజరును వరసలో నిలబెట్టగలిగే చేతికి, ఒక్కొక్క ఫోటాన్‌ను లెక్కపెట్టగలిగే ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ళకు చాలా విలువ. వారం వారం నువ్వు బస్సులో ఊరికి వెళ్తూ చంద్రగిరి దాటాక గాదంకి మీదుగానే పోతావు కదా. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలో ఆకాశంలోకి ఆకుపచ్చ లేజరు వేసి, పైనుంచి తిరిగొచ్చే కాస్తంత కాంతిని ఫోటాన్ల లెక్కన కొలుస్తారు. అది క్వాంటం ప్రయోగశాల కాదు, కానీ ఆ చేతి పని ఇక్కడా అక్కడా ఒకటే. మీ డిపార్ట్‌మెంట్ ద్వారా ఉత్తరం పెట్టించి ఒకసారి చూసి రండి.

సెమినార్‌కి ఇంకో ఏర్పాటు చెయ్యవచ్చు. ఐబీఎం తన క్వాంటం యంత్రాలను 2016 నుంచి ఇంటర్నెట్‌లో అందరికీ వాడుకోనిస్తోంది. కొద్ది నిమిషాలు ఉచితం. రెండు క్యూబిట్లు పెనవేసి ఇదే ఆట ఆడించే ప్రోగ్రాము పాతిక ముప్ఫై వరసలు మించదు. ముందు క్లాసులో ఇద్దరిని నిలబెట్టి చీటీలతో ఆడించు, బోర్డు మీద గెలుపుల లెక్క వెయ్యి. ఆ పక్కనే యంత్రం ఇచ్చిన అంకె రాయి. రెండు క్యూబిట్లు అక్కడ ఒకే చిప్‌లో పక్కపక్కన ఉంటాయి కాబట్టి ఇది డెల్ఫ్ట్ ప్రయోగమంత గట్టి సాక్ష్యం కాదని కూడా నిజాయితీగా చెప్పు. ఎవరైనా లేచి "ముందే రాసి ఉందేమో" అంటే, ఆ నాలుగు జవాబుల కాగితం వాళ్ళ చేతికిచ్చి కుదర్చమను. నువ్వు మాట్లాడకుండా నిలబడు. రెండు నిమిషాల్లో వాళ్ళే తల ఎత్తుతారు.

సెమినార్ అయ్యాక మీ క్లాసుకు చీటీలతో 40కి ఎన్ని వచ్చాయో, యంత్రానికి నూటికి ఎన్ని వచ్చాయో నాకు రాయి. అవ్వ ఎక్స్‌రేలో డాక్టరు ఏమన్నారో కూడా.